‘వికటకవి’కి ఫాల్స్ ఎందుకు వస్తోంది? హాస్కెల్ లిస్టు అభ్యాసాలలో రెండు సందేహాలు

నిత్యాభ్యాసి

మూడు వారాలుగా హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటున్నాను. వెర్నర్ హెట్ ప్రోలాగ్ అనే ఇంకొక భాష కోసం కూర్చగా తరువాత వేరేవారు హాస్కెల్‌కు మార్చిన తొంభైతొమ్మిది అభ్యాసాలను వరుసగా చేస్తున్నాను. చివరి అంశం, చివరి నుంచి రెండవ అంశం, అడిగిన స్థానంలోని అంశం, పొడవు, తిరగవేయడం అనే మొదటి అయిదూ పూర్తయ్యాయి. ఆరవది, ఇచ్చిన లిస్టు ఎటు నుంచి చదివినా ఒకేలా ఉందో లేదో చెప్పమంటుంది. నేను రాసినది ఇది. ఇక్కడ చదివేవారి కోసం పేర్లను తెలుగులో పెట్టాను. [] అంటే ఖాళీ లిస్టు, తల : తోక అంటే మొదటి అంశమూ దాని వెనుక మిగతా లిస్టూ, ++ రెండు లిస్టులను కలుపుతుంది.

తిప్పు [] = []
తిప్పు (తల : తోక) = తిప్పు తోక ++ [తల]

ఎటైనా లి = (లి == తిప్పు లి)

[1, 2, 3, 2, 1] ఇస్తే ట్రూ వచ్చింది, [1, 2] ఇస్తే ఫాల్స్ వచ్చింది. ఆ ఉత్సాహంతో చిన్నప్పటి నుంచీ మనందరికీ తెలిసిన మాట కదా అని ‘వికటకవి’ని ఇస్తే ఫాల్స్ అంటోంది. ‘జలజ’కూ ‘కనక’కూ ట్రూ అంటోంది, ‘నవీన’కు మళ్ళీ ఫాల్స్ అంటోంది. ఫంక్షన్‌లో తప్పు ఎక్కడుందో గంటన్నర వెతికినా దొరకలేదు.

రెండవ సందేహం ఇంతకంటే పెద్దది. ప్రతి అభ్యాసాన్నీ చేతితో రికర్షన్ (ఫంక్షన్ తనను తానే పిలుచుకోవడం) రాసి చేస్తున్నానని తెలిసి, నాతో పనిచేసే మిత్రుడు ఒకరు ఇది వృథా శ్రమ అన్నారు. ప్రతి అంశాన్నీ మార్చే మ్యాప్, కొన్నిటినే ఉంచే ఫిల్టర్, అన్నిటినీ కలిపి ఒక ఫలితంగా మడిచే ఫోల్డ్ సిద్ధంగా ఉండగా తలను తీసి తోకను పట్టుకుని నడిచే పద్ధతి ఎవరికీ అక్కరలేదని ఆయన మాట. అభ్యాసం చేసేవారు ఏ దారిలో వెళ్ళాలి?

ఖాళీలిస్టు

మీ ఫంక్షన్‌లో తప్పు లేదు, మీరు ఇచ్చిన లిస్టు మీరు అనుకున్న లిస్టు కాదు. హాస్కెల్‌లో స్ట్రింగ్ అంటే క్యారెక్టర్ల లిస్టు, క్యారెక్టర్ అంటే ఒక యూనికోడ్ కోడ్‌పాయింట్, అంటే ఒక్కో లిపి గుర్తుకు యూనికోడ్ ప్రమాణం ఇచ్చే సంఖ్య. మనం ‘వి’ని ఒక అక్షరంగా చదువుతాము, కంప్యూటర్ దాన్ని ‘వ’ అనే హల్లు, దాని వెనుక గుడి అని రెండుగా దాచుకుంటుంది. అందువల్ల ‘వికటకవి’ అయిదు అంశాల లిస్టు కాదు, ఏడు అంశాల లిస్టు. దాన్ని తిరగవేస్తే మొదటి అంశంగా గుడి వచ్చి కూర్చుంటుంది. ‘జలజ’లో, ‘కనక’లో గుణింతపు గుర్తులేవీ లేవు కాబట్టి అవి దాటిపోయాయి. పొడవు చెప్పే ఫంక్షన్‌కు ‘స్త్రీ’ అన్న మాటను ఇచ్చి చూడండి.

నిత్యాభ్యాసి

ఇచ్చాను. 6 అని చెప్పింది. స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అని లెక్కపెట్టుకున్నాక నమ్మకం కుదిరింది.

రాత్రిబడి

రెండవ సందేహం మీద నా అనుభవం చెబుతాను. నేను సాయంత్రాలు కొందరు విద్యార్థులకు ఈ పాఠాలే చెబుతాను. మొదటి రెండు బృందాలకు నేరుగా మ్యాప్, ఫిల్టర్, ఫోల్డ్ నేర్పాను. అందరూ నాలుగు రోజుల్లో వాటిని వాడేశారు. పదవ రోజున ‘ఈ ఫోల్డ్ లిస్టులో ఏ చివర నుంచి ఫలితాన్ని కడుతోంది’ అని అడిగితే ఒక్కరు కూడా చెప్పలేకపోయారు. మూడవ బృందం నుంచి క్రమం మార్చాను. పొడవు, ++, మ్యాప్, ఫిల్టర్, జిప్, టేక్, డ్రాప్ వీటిని ముందు చేతితో రికర్షన్‌లో రాయించి, ఒక్కొక్కటి [1, 2, 3] మీద ఎలా విప్పుకుంటుందో కాగితం మీద గీయించి, ఆ తరువాతే వాటన్నిటిలో ఉమ్మడిగా ఉన్న ఆకారానికి ఫోల్డ్ అని పేరు పెట్టాను. ఆకారాన్ని ముందే పదిసార్లు చూసినవారికి పేరు చెప్పగానే అర్థమవుతుంది, చూడనివారికి అది ఇంకొక కొత్త పదంగానే మిగిలిపోతుంది.

కాబట్టి మీరు చేస్తున్న పని వృథా కాదు. అయితే దాన్ని ఒక మెట్టుగానే చూడాలి. ఒక్కో అభ్యాసాన్ని రికర్షన్‌తో రాశాక, అదే రోజున ఫోల్డ్‌తో కూడా రాయండి.

సింధుతీర్థం

రాత్రిబడి గారితో నేను పూర్తిగా ఏకీభవించలేను. పదేళ్ళుగా ఈ భాషల్లోనే పని చేస్తున్నాను. చేతితో రాసిన రికర్షన్‌ను సమీక్షించేటప్పుడు నాకు కనబడే తప్పులు దాదాపు అన్నీ ఒకే రకానివి. ఖాళీ లిస్టు సందర్భాన్ని మరచిపోవడం, తోకకు బదులు మొత్తం లిస్టునే మళ్ళీ పిలవడం, రెండు లిస్టులతో నడిచేటప్పుడు ఒకటి ముందే అయిపోతుందని గుర్తించకపోవడం. మ్యాప్ అని రాస్తే ఈ మూడూ జరిగే అవకాశమే లేదు. అదీ కాక, మ్యాప్ అన్న మాటను చూడగానే ఫలితం పొడవు మారదని చదివేవారికి తెలిసిపోతుంది. ఫిల్టర్ చూడగానే పొడవు తగ్గవచ్చు గాని అంశాలు మారవని తెలుస్తుంది. చేతితో రాసిన రికర్షన్‌లో ఇది తెలియాలంటే ప్రతి పంక్తినీ చదవాలి. నేర్చుకునేటప్పుడు పడిన అలవాటే పనిలోకీ వస్తుంది.

రాత్రిబడి

మీరు చెప్పిన మూడు తప్పులూ నిజమే. వాటిని అభ్యాసంలోనే చేసి, అక్కడే దిద్దుకోవాలని నా వాదన. ఖాళీ లిస్టును మరచిపోయి ఒకసారి దెబ్బ తిన్న విద్యార్థి, ఫోల్డ్‌కు ఇచ్చే మొదటి విలువ ఎందుకు అవసరమో ఎవరూ చెప్పకుండానే తెలుసుకుంటాడు.

ఖాళీలిస్టు

ఖాళీ లిస్టు గురించి మాట వచ్చింది కాబట్టి ఒక్క విషయం. హాస్కెల్ కంపైలర్ జీహెచ్‌సీ 9.8 నుంచి, తలనూ తోకనూ తీసే హెడ్, టెయిల్ అనే ఫంక్షన్లను వాడితే హెచ్చరిక ఇస్తుంది, ఎందుకంటే ఖాళీ లిస్టు మీద అవి ప్రోగ్రామ్‌ను కూల్చేస్తాయి. పాత పాఠాలు చూసి ఈ అభ్యాసాలు చేసేవారు ఆ హెచ్చరికను చూసి కంగారు పడుతున్నారు. తలనూ తోకనూ (తల : తోక) అనే ప్యాటర్న్‌తో విడదీస్తే ఆ సమస్యే ఉండదు.

పెన్నాగట్టు

మొదటి పోస్టులోని ‘తిప్పు’ను ఎవరూ పట్టించుకోలేదు. ఫలితం సరైనదే, ఖర్చు మాత్రం చాలా ఎక్కువ. ++ ఎప్పుడూ తన ఎడమవైపు లిస్టు మొత్తాన్ని కొత్త కణాలుగా నకలు చేస్తుంది, కుడివైపు దాన్ని ముట్టుకోదు. మీరు ప్రతి మెట్టులోనూ అప్పటిదాకా తిరగవేసిన లిస్టును ఎడమవైపు పెడుతున్నారు. ఆ లిస్టు 0, 1, 2, 3 అంటూ పెరుగుతుంది కాబట్టి, మొత్తం నకళ్ళు అంశాల సంఖ్యను దానికంటే ఒకటి తక్కువైన సంఖ్యతో హెచ్చించి రెండుతో భాగించినంత. పది అంశాలకు 45, ఎవరికీ తెలియదు. పదివేల అంశాలకు 4,99,95,000, అప్పుడు యంత్రం ఆగిపోయిందేమో అనిపిస్తుంది.

చేతిలో ఒక సంచి పట్టుకుని నడిచినట్లు రాయండి.

తిప్పు లి = నడు లి []
నడు [] సంచి = సంచి
నడు (తల : తోక) సంచి = నడు తోక (తల : సంచి)

పదివేల అంశాలకు పదివేల కొత్త కణాలు, అంతే. తలను తీసి సంచి ముందు పెడుతూ పోతే చివరి అంశం తనంతట తానే ముందుకు వచ్చేస్తుంది. ఒక దొంతరలోని పళ్ళాలను ఒక్కొక్కటిగా తీసి పక్కన పేర్చితే అడుగుది పైకి వచ్చినట్లు.

నిత్యాభ్యాసి

పెన్నాగట్టు గారూ, రెండింటినీ పక్కపక్కన నడిపాను. మొదటి దానికి లక్ష అంశాలు ఇచ్చి వంటింట్లోకి వెళ్ళి కాఫీ కలుపుకుని వచ్చినా పూర్తి కాలేదు. రెండవది వెంటనే ముగించింది. ఇప్పుడు దాన్ని ఫోల్డ్‌గా మార్చాలంటే ఏది వాడాలి? ఫోల్డ్‌ఆర్ (కుడి నుంచి మడిచేది), ఫోల్డ్‌ఎల్ (ఎడమ నుంచి మడిచేది) రెండూ ఎప్పుడూ ఒకే ఫలితం ఇస్తున్నట్లున్నాయి.

పెన్నాగట్టు

కూడికతో పరీక్షించి ఉంటారు. తీసివేతతో చూడండి. [1, 2, 3, 4] మీద సున్నా మొదటి విలువగా ఫోల్డ్‌ఆర్ ఇచ్చేది 1 - (2 - (3 - (4 - 0))), అంటే -2. ఫోల్డ్‌ఎల్ ఇచ్చేది (((0 - 1) - 2) - 3) - 4, అంటే -10. ఈ రెండు బ్రాకెట్ల వరుసలను ఒకసారి చేతితో రాసినవారు మళ్ళీ తికమకపడరు.

ఫోల్డ్‌ఆర్‌కు నేను చెప్పుకునే అర్థం ఇంకొకటి ఉంది. [1, 2, 3] అంటే నిజానికి 1 : (2 : (3 : [])). అందులోని ప్రతి కోలన్ స్థానంలో మీ ఫంక్షన్‌నూ, చివరి ఖాళీ లిస్టు స్థానంలో మీ మొదటి విలువనూ పెట్టి చదివితే అదే ఫోల్డ్‌ఆర్. కోలన్‌ను కోలన్‌తోనే, ఖాళీని ఖాళీతోనే మారిస్తే అదే లిస్టు తిరిగి వస్తుంది. ఖాళీ స్థానంలో ఇంకొక లిస్టును పెడితే ++ అవుతుంది. మీ సంచి నడక మాత్రం ఫోల్డ్‌ఎల్, ఎందుకంటే అది ఎడమ నుంచి సంచిని నింపుకుంటూ పోతుంది.

కాజాపురం

ఫోల్డ్ అంటే మడత కాబట్టి మా తాపేశ్వరం వైపు పిల్లలకు ఇది తేలికగా అర్థం కావాలి. మడత కాజాను ఎటు నుంచి విప్పినా తీపి ఒకటే, ఈ మడతకు మాత్రం ఎటు నుంచి మొదలుపెట్టామన్నదే ముఖ్యం.

సింధుతీర్థం

ఫోల్డ్‌ఎల్ విషయంలో ఒక హెచ్చరిక చేయకపోతే కొత్తవారు నేను పడిన గుంటలోనే పడతారు. మునుపు నేను పనిచేసిన ఒక సంస్థలో పెద్ద లాగ్ ఫైలులోని సంఖ్యల మొత్తాన్ని ఫోల్డ్‌ఎల్‌తో లెక్కించాను. నా యంత్రంలో ఆప్టిమైజేషన్‌తో కంపైల్ చేసినప్పుడు సక్రమంగా నడిచింది. మరొకచోట ఆప్టిమైజేషన్ లేకుండా నడిపితే మెమరీ మొత్తం తినేసింది. హాస్కెల్ అవసరం వచ్చేదాకా ఏ లెక్కా చేయదు. ((0 + 1) + 2) + 3 అనే మాటను అలాగే లెక్కించకుండా పొడిగించుకుంటూ పోయి, చివరికి కోటి బ్రాకెట్ల గొలుసును ఒకేసారి విప్పబోతుంది. ఆప్టిమైజేషన్ ఉన్నప్పుడు ఈ కూడిక వెంటనే అవసరమని కంపైలరే పసిగట్టి రక్షిస్తుంది, లేనప్పుడు రక్షించదు. అందుకే ప్రైమ్ గుర్తు ఉన్న ఫోల్డ్‌ఎల్‌ను వాడాలి, అది ప్రతి మెట్టులోనూ సంచిని లెక్కించి ముందుకు పోతుంది. జీహెచ్‌సీ 9.10 నుంచి అది ప్రతి ప్రోగ్రామ్‌కూ తనంతట అందే ప్రెల్యూడ్‌లోనే దొరుకుతుంది, విడిగా తెచ్చుకోనక్కరలేదు.

ఓకామెల్‌వాడు

ఓకామెల్ అనే ఇంకొక భాషలో ఇదే సమస్య ఇంకొక వైపు నుంచి వస్తుంది. ఆ భాష వెంటనే లెక్కించేది కాబట్టి ఫోల్డ్‌ఎల్ హాయిగా నడుస్తుంది. కాని అక్కడి లిస్టు మ్యాప్ చాలాకాలం టెయిల్ రికర్షన్ కాదు, అంటే ప్రతి పిలుపూ తన వెనుక ఇంకా పని మిగుల్చుకునేది. చాలా పొడవైన లిస్టు ఇస్తే ఆ మిగిలిన పనులను గుర్తుంచుకునే స్టాక్ నిండిపోయేది. అందుకే రివర్స్‌మ్యాప్ చేసి మళ్ళీ తిప్పుకునేవాళ్ళము. 2023లో వచ్చిన ఓకామెల్ 5.1తో ఆ బాధ తీరింది. కాబట్టి ‘ఎల్ మంచిది, ఆర్ చెడ్డది’ అని బట్టీ పట్టకండి, భాషను బట్టి జవాబు మారుతుంది.

రాత్రిబడి

హాస్కెల్‌లో ఫోల్డ్‌ఆర్‌కు ఉన్న గొప్ప సౌలభ్యాన్ని కూడా చెప్పాలి. ఫోల్డ్‌ఆర్‌తో రాసిన మ్యాప్‌కు ఒకటి నుంచి అంతులేకుండా సాగే లిస్టును ఇచ్చి, అందులోంచి మొదటి అయిదు అంశాలను తీసుకోమంటే వెంటనే ఇస్తుంది, ఎందుకంటే మొదటి కోలన్ బయటికి రావడానికి మిగతా లిస్టు అవసరం లేదు. ఫోల్డ్‌ఎల్ లిస్టు చివరికి చేరితే గాని ఏదీ ఇవ్వలేదు కాబట్టి ఎప్పటికీ తిరిగి రాదు. కొత్త లిస్టును కడుతున్నారా అయితే ఫోల్డ్‌ఆర్, మొత్తాన్ని ఒక్క సంఖ్యగా కుదిస్తున్నారా అయితే ప్రైమ్ ఉన్న ఫోల్డ్‌ఎల్. నా విద్యార్థులకు మొదట ఇంతే చెబుతాను.

పాతలిస్పు

ఈ తల, తోక అనే ఆలోచన ఎంత పాతదో కొత్తవారికి తెలిస్తే బాగుంటుంది. జాన్ మెకార్తీ 1958లో ఎంఐటీలో లిస్ప్ భాషను మొదలుపెట్టినప్పుడు యంత్రం ఐబీఎం 704. దాని 36 బిట్ల మెమరీ పదంలో అడ్రస్ భాగం, డిక్రిమెంట్ భాగం అని రెండు పదిహేను బిట్ల అరలు ఉండేవి. ఒక అరలో అంశం చిరునామా, రెండవ అరలో మిగతా లిస్టు చిరునామా పెట్టారు. అడ్రస్ భాగంలో ఉన్నదాన్ని తీసేది కార్, డిక్రిమెంట్ భాగంలో ఉన్నదాన్ని తీసేది కుడర్. ఆ యంత్రం పోయి ఎన్నో దశాబ్దాలైనా ఆ రెండు పేర్లూ నిలిచాయి. నేను లిస్ప్ కుటుంబానికే చెందిన స్కీమ్‌తో ప్రోగ్రామింగ్ నేర్చుకున్న రోజుల్లో మా అధ్యాపకులు బల్ల మీద రెండు గదుల డబ్బాలు గీసి బాణాలతో కలిపేవారు. ++ ఎందుకు ఎడమవైపును మాత్రమే నకలు చేస్తుందో ఆ బొమ్మ గీస్తే ఇట్టే తెలుస్తుంది. ఎడమ లిస్టు చివరి డబ్బాలోని బాణం మార్చాలి, మార్చడానికి వీలులేని లిస్టు కాబట్టి కొత్త డబ్బా చేయాలి, ఆ కొత్త డబ్బాను చూపడానికి దాని ముందుది కూడా కొత్తది కావాలి, అలా మొదటి దాకా.

నిత్యాభ్యాసి

పాతలిస్పు గారి డబ్బాల బొమ్మ గీసుకున్నాక పెన్నాగట్టు గారి 45 అనే లెక్క నాకు నేనుగా వేయగలిగాను. ఇప్పుడు వికటకవి దగ్గరికి తిరిగి వస్తున్నాను. కోడ్‌పాయింట్ల లిస్టును అక్షరాల లిస్టుగా ముందు మార్చుకుని అప్పుడు తిప్పాలని అర్థమైంది. ఇచ్చిన నియమం ప్రకారం అంశాలను గుంపులుగా కట్టే గ్రూప్‌బై అనే ఫంక్షన్ దొరికింది. గుణింతపు గుర్తును (యూనికోడ్ దాన్ని మార్క్ అంటుంది) ఇజ్‌మార్క్ అనే ఫంక్షన్ పట్టి ఇస్తోంది. కుడివైపు అంశం మార్క్ అయితే గుంపులో చేర్చమన్నాను. ‘వికటకవి’, ‘నవీన’, ‘కునుకు’, ‘పులుపు’ అన్నిటికీ ట్రూ వచ్చింది. ‘నందనం’కు కూడా వచ్చింది, సున్నను కూడా అది మార్క్‌గానే చూస్తోంది. ‘కిటికీ’కి ఫాల్స్ వచ్చింది, అదీ సరైనదే.

ఒత్తుల దగ్గర మళ్ళీ ఆగిపోయాను. ‘అక్క’ను అ, క్, క అని మూడుగా విడదీస్తోంది. ఎడమవైపు పొల్లు ఉంటే కూడా కలపమని నియమం చేర్చినా ఫలితం మారలేదు.

ఖాళీలిస్టు

గ్రూప్‌బై గురించి చాలామంది పొరబడే చోటు ఇదే. అది పక్కపక్కన ఉన్న రెండు అంశాలను పోల్చదు, ప్రతి అంశాన్నీ ఆ గుంపులోని మొదటి అంశంతోనే పోలుస్తుంది. [1, 3, 2]ను ‘చిన్నది’ (<) అనే గుర్తుతో గుంపులు చేయమంటే [1, 3], [2] వస్తాయని అనుకుంటాము. మూడూ ఒకే గుంపుగా వస్తాయి, ఎందుకంటే 2ను కూడా 1తోనే పోల్చింది. మీ మొదటి నియమం ఎడమ అంశాన్ని చూడనే చూడదు కాబట్టి పనిచేసింది. రెండవ నియమానికి ఎడమ పక్కన ఉన్నది పొల్లు అవునా కాదా అని తెలియాలి, కాని దానికి కనబడుతున్నది గుంపు మొదట్లో ఉన్న ‘క’.

పెన్నాగట్టు

ఇక్కడే ఫోల్డ్‌ఆర్ చేతికి అందుతుంది. కుడి నుంచి కట్టుకొస్తున్నప్పుడు, మొదటి గుంపులోని మొదటి అంశమే మీ పక్కనున్న అంశం అవుతుంది.

అక్షరాలు = ఫోల్డ్‌ఆర్ చేర్చు []

చేర్చు ఎడమ ((కుడి : మిగతా) : గుంపులు)
  | అతుకు ఎడమ కుడి = (ఎడమ : కుడి : మిగతా) : గుంపులు
చేర్చు ఎడమ గుంపులు = [ఎడమ] : గుంపులు

అతుకు ఎడమ కుడి = మార్క్ కుడి || ఎడమ == పొల్లు

తొమ్మిదవ అభ్యాసం వరుసగా వచ్చే ఒకేరకం అంశాలను గుంపులుగా కట్టమంటుంది. ‘అతుకు’ స్థానంలో సమానత్వాన్ని పెడితే ఇదే దానికి జవాబు. ఆరవ అభ్యాసం చేస్తూ తొమ్మిదవది కూడా పూర్తి చేసేశారు.

ఖాళీలిస్టు

ఆరుకూ తొమ్మిదికీ మధ్య ఏడవది ఉందని మరచిపోకండి. లిస్టులలోని లిస్టులను ఒకే వరుసగా పరచమంటుంది. ప్రోలాగ్‌లోనూ లిస్ప్‌లోనూ ఒకే లిస్టులో సంఖ్యలూ లిస్టులూ కలిసి ఉండగలవు, హాస్కెల్‌లో అన్ని అంశాలదీ ఒకే టైపు, అంటే ఒకే రకం, కావాలి కాబట్టి ముందు మీరే ఒక కొత్త టైపు తయారుచేసుకోవాలి. ఆ ఒక్క కారణంతో అక్కడే ఆగిపోయినవారిని ముగ్గురిని చూశాను.

సింధుతీర్థం

వికటకవి కోసం ఇంత శ్రమ ఎందుకన్నది నా ప్రశ్న. యూనికోడ్ సంస్థే రాతను పాఠకుడు చూసే ముక్కలుగా విడదీసే నియమాలను ప్రకటించింది. 2023 నాటి యూనికోడ్ 15.1తో తెలుగు సంయుక్తాక్షరాలను విడదీయకుండా ఉంచే నియమం కూడా చేరింది. వాటిని అమలు చేసే లైబ్రరీలు ఉన్నాయి. పైగా తెలుగు రాతను క్యారెక్టర్ల లిస్టుగా పెట్టుకోవడమే ఖరీదైన పని. 64 బిట్ల యంత్రంలో జీహెచ్‌సీ ఒక కోలన్ కణానికి 24 బైట్లు, అందులోని క్యారెక్టర్‌కు ఇంకొక 16 బైట్లు పెడుతుంది. యూటీఎఫ్-8 అనే నిల్వ పద్ధతిలో అదే తెలుగు కోడ్‌పాయింట్‌కు 3 బైట్లు చాలు. నిజమైన పనికి టెక్స్ట్ అనే టైపును వాడాలి.

రాత్రిబడి

నిజమైన పనికి మీ సలహాయే సరైనది, నేను కూడా అదే చేస్తాను. ఇక్కడ అడిగినవారు అభ్యాసం చేస్తున్నారు. లైబ్రరీని పిలిస్తే వికటకవికి ట్రూ వస్తుంది గాని, గ్రూప్‌బై ఎవరిని ఎవరితో పోలుస్తుందో ఆయనకు ఈ జన్మలో తెలిసేది కాదు. అంకెలతో అభ్యాసం చేసేటప్పుడు ‘నా లిస్టులో ఒక అంశం అంటే ఏమిటి’ అనే ప్రశ్న రానే రాదు. తెలుగు మాట ఇచ్చిన వెంటనే వచ్చింది.

సింధుతీర్థం

ఆ చివరి మాటను ఒప్పుకుంటాను.

పాతలిస్పు

పెన్నాగట్టు గారి ‘అతుకు’లో ఒక లోపం ఉంది. పొల్లు తరువాత ఏది వచ్చినా కలిపేస్తుంది. ‘రామ్ వచ్చాడు’ అని ఇస్తే ‘మ్’తో పాటు ఖాళీ స్థలాన్ని కూడా ఒకే అక్షరంలో మూటకట్టింది. పొల్లు తరువాత వచ్చేది హల్లు అయితేనే కలపాలి. యూనికోడ్ వరుసలో ‘క’ నుంచి ‘హ’ వరకు ఉన్నవాటిని హల్లులుగా తీసుకుంటే మామూలు రాతకు సరిపోతుంది.

నిత్యాభ్యాసి

ఆ మార్పు చేశాను. ‘రామ్ వచ్చాడు’ సరిగ్గా విడిపోయింది. అయితే ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటలో కంటికి కనబడని ఒక అంశం విడిగా ఒక గుంపుగా వచ్చింది. అంతకుముందు ఇలా రాలేదు.

ఖాళీలిస్టు

అది ‘ట్’ పక్కన ‘వే’ ఒత్తుగా మారకుండా ఆపడానికి మన కీబోర్డు పెట్టే అదృశ్యపు గుర్తు, జెడ్‌డబ్ల్యూఎన్‌జే అంటారు. అది యూనికోడ్ లెక్కలో మార్క్ కాదు, హల్లు కూడా కాదు. పాత నియమం పొల్లు వెనుక ఉన్న దేన్నైనా మింగేది కాబట్టి దీన్నీ మింగింది. ‘కుడివైపు ఈ గుర్తు ఉంటే అతుకు’ అని ఒక షరతు చేర్చండి. దాని తరువాతి ‘వ’కు ఎడమ పక్కన ఉన్నది పొల్లు కాదు, ఈ గుర్తు, కాబట్టి ‘వ’ తనంతట తానే విడిపోతుంది.

నిత్యాభ్యాసి

సా, ఫ్ట్‌, వే, ర్ అని నాలుగు వచ్చాయి. ‘స్త్రీ’ ఒకటిగా వచ్చింది.

ఓకామెల్‌వాడు

ఇంకా ఎన్ని మాటలు చేతితో ఇచ్చి చూస్తారు? క్విక్‌చెక్ వాడండి. కోయెన్ క్లాసెన్, జాన్ హ్యూస్ 2000లో హాస్కెల్ కోసమే తయారుచేసిన పరికరం అది. నియమం మీరు చెబితే ఉదాహరణలను అదే పుట్టించి పరీక్షిస్తుంది. ‘రెండుసార్లు తిప్పితే మొదటిదే రావాలి’ అని ఇవ్వండి.

పెన్నాగట్టు

ఆ ఒక్క నియమం చాలదు. ఏమీ చేయకుండా ఇచ్చిన లిస్టునే తిరిగి ఇచ్చే ఫంక్షన్ కూడా ఆ పరీక్షలో నెగ్గుతుంది. ‘రెండు లిస్టులను కలిపి తిప్పితే, రెండవదాన్ని తిప్పి దాని వెనుక మొదటిదాన్ని తిప్పి కలిపినట్లే ఉండాలి’ అన్నది కూడా చేర్చండి, ఆ దొంగ ఫంక్షన్ దొరికిపోతుంది. అక్షరాల విభజనకు ‘గుంపులన్నిటినీ మళ్ళీ కలిపితే మొదటి మాట రావాలి’ అనే నియమం పెట్టండి.

నిత్యాభ్యాసి

గుంపులను మళ్ళీ కలిపే నియమం 100 పరీక్షలు నెగ్గింది.

ఖాళీలిస్టు

ఆ 100లో ఒక్క తెలుగు మాటైనా ఉందో లేదో చూశారా? క్విక్‌చెక్ తనంతట తాను పుట్టించే క్యారెక్టర్లలో తెలుగువి రావడం చాలా అరుదు. కొన్ని హల్లులు, కొన్ని గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న వీటిలోంచి మాత్రమే ఎంచుకునేలా మీ సొంత జనరేటర్ రాసుకోండి. అది కూడా లిస్టు అభ్యాసమే.

నిత్యాభ్యాసి

రాశాను. కలిపే నియమం ఇప్పుడు కూడా నెగ్గింది. తరువాత ఓకామెల్‌వాడు గారు చెప్పినదాన్ని తెలుగు మాటలకు పెట్టాను. మాటను అక్షరాలుగా విడదీసి, తిప్పి, మళ్ళీ ఒకే మాటగా కలపాలి. ఇలా రెండుసార్లు చేస్తే మొదటి మాట రావాలి. వెంటనే ఓడిపోయింది. మొదట దొరికినది గుణింతపు గుర్తుతో మొదలయ్యే అర్థంలేని మాట. గుర్తును ముందు పెట్టి ఎవరూ రాయరు కదా అని, హల్లుతోనే మొదలయ్యేలా జనరేటర్‌ను మార్చాను. మళ్ళీ ఓడిపోయింది. ఈసారి పొల్లుతో ముగిసే మాట దొరికింది. అదే పద్ధతిలో ‘రామ్’ను ఇచ్చి చూస్తే రా, మ్ అని విడదీసి, తిప్పి కలిపితే ‘మ్రా’ అయింది. రెండవసారి విడదీసేసరికి అది ఒకే అక్షరం, తిప్పడానికి ఏమీ మిగలలేదు.

పెన్నాగట్టు

‘మ్’, ‘రా’ విడివిడిగా లిస్టులో ఉన్నంతవరకు వాటి మధ్య గోడ ఉంది. కలిపి స్ట్రింగ్ చేయగానే ఆ గోడ పోయి రెండూ అతుక్కున్నాయి. తిప్పే ఫంక్షన్‌లో తప్పు లేదు, కలపడంలోనే సమాచారం పోయింది. కలపకండి. ‘ఎటైనా’ను అక్షరాల లిస్టు మీదే నడపండి. రెండుసార్లు తిప్పే నియమాన్ని కూడా ఆ లిస్టు మీదే పెట్టండి.

నిత్యాభ్యాసి

ఎటైనా మాట = (లి == తిప్పు లి)
  వేర్ లి = అక్షరాలు మాట

ఇలా మార్చాను. నియమాలన్నీ నెగ్గాయి. వికటకవికి ట్రూ, రామ్‌కు ఫాల్స్. రేపు ఏడవ అభ్యాసం మొదలుపెడతాను, కొత్త టైపు ఎలా రాసుకోవాలో ఈ రాత్రికి చదువుకోవాలి.